సాఫ్ట్‌వేరు ‘సాహిత్య కృతి’ అయిన వేళ: ప్రభుత్వ విధానం, దేశీయ సంస్థల వృద్ధి, తెలుగు లిపి

వ్యాస సంగ్రహం: 1970 తరువాత కేంద్ర ప్రభుత్వం అనుసరించిన విధానాల వల్ల భారతదేశంలో సాఫ్ట్‌వేరు సంస్థలు పెరిగాయి. హైదరాబాదు ఆ వృద్ధికి ఒక కేంద్రమైంది. అయితే అదే కాలంలో తెలుగు లిపికి కావలసిన సాఫ్ట్‌వేరు ఎవరి చేతుల్లో, ఏ పరిస్థితుల్లో తయారైంది? విధానంలో ‘దేశీయం’ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలను వేరుచేసి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కంప్యూటరు విధానం, ఎగుమతి, ఇస్కీ, జిస్ట్, యూనికోడ్, డీటీపీ, తెలుగు ఫాంట్లు.

ప్రస్తావన

భారతీయ కాపీరైటు చట్టం ‘సాహిత్య కృతి’కి ఇచ్చిన నిర్వచనంలో కంప్యూటరు ప్రోగ్రాము కూడా ఉంది. 1957 నాటి చట్టానికి 1984లో చేసిన సవరణ ద్వారా అది అందులో చేరింది. కావ్యానికీ, నవలకూ, జీతాల పట్టీ లెక్కగట్టే ప్రోగ్రాముకూ చట్టం ఒకే పంక్తిలో విస్తరి వేసింది. సాహిత్య విద్యార్థులం ఈ మార్పును సాధారణంగా పట్టించుకోము. ఆ ఏడాది నవంబరులోనే కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానాన్ని ప్రకటించింది. ప్రోగ్రామును కృతిగా గుర్తించిన చట్టమూ, దానిని సరుకుగా గుర్తించిన విధానమూ కొద్ది వారాల తేడాతో వచ్చాయి.

భారతీయ సాఫ్ట్‌వేరు పరిశ్రమ చరిత్రను ఆర్థికవేత్తలు, పరిశ్రమల చరిత్రకారులు విస్తారంగా రాశారు. వారి కథనంలో ఎగుమతులే కథానాయకుడు. ప్రభుత్వం అడ్డుపడిందా, తోడ్పడిందా అన్నది వారి ప్రధాన వివాదం. ఆ వివాదంలో తీర్పు చెప్పే అర్హత సాహిత్య పరిశోధకుడికి లేదు. కాని ఆ చరిత్రలో మనకు నేరుగా సంబంధించిన పాయ ఒకటి ఉంది. గత ముప్పై అయిదేళ్ళుగా తెలుగులో అచ్చయిన పుస్తకాలలో అత్యధిక భాగం ఏదో ఒక సాఫ్ట్‌వేరు గుండా వెళ్ళి వచ్చినవే. ఆ సాఫ్ట్‌వేరు ఎలా పుట్టిందన్నది తెలుగు గ్రంథచరిత్రలో భాగం. తాళపత్రం, రాతప్రతి, సీసపు అక్షరం గురించి మనం ఎంత శ్రద్ధగా రాస్తామో దీని గురించీ అంతే శ్రద్ధగా రాయవలసి ఉంటుంది.

ముందుగా ఒక మాటను విడదీయాలి. ‘దేశీయ సాఫ్ట్‌వేరు సంస్థ’ అన్నప్పుడు రెండు అర్థాలు స్ఫురిస్తాయి. యాజమాన్యం రీత్యా దేశీయం ఒకటి: భారతీయులు పెట్టి నడిపే సంస్థ. వినియోగం రీత్యా దేశీయం రెండవది: ఈ దేశంలో ఉన్నవారి పనికి, వారి భాషలో, వారి లెక్కలకు సరిపోయే వస్తువును తయారుచేసే సంస్థ. 1970ల తొలినాళ్ళలో ఈ రెండు అర్థాలూ దాదాపు కలిసే నడిచాయి. 1990ల నాటికి పూర్తిగా విడిపోయాయి. ఈ విడిపోవడమే ఇక్కడి ప్రధాన విషయం.

ట్రాంబే నుంచి హైదరాబాదుకు

అణుశక్తి విభాగం ఆధ్వర్యంలో 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఏర్పడింది. దాని నిర్మాత అయ్యగారి సాంబశివరావు. నగరంలో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే. 1969లో వెలువడిన టీడీసీ–12 పేరులో మొదటి అక్షరం ట్రాంబేను సూచిస్తుంది. ట్రాంబే ప్రయోగశాలలలో మొదలైన పని హైదరాబాదు కర్మాగారంలో యంత్రమైంది. తరువాత టీడీసీ–312, టీడీసీ–316 వచ్చాయి. యంత్రం ఇక్కడే తయారైతే దానిపై నడిచే ప్రోగ్రామునూ ఇక్కడివారే రాయాలి కనుక దేశీయం అన్న మాటకు ఉన్న రెండు అర్థాలూ అప్పట్లో ఒకే గూటిలో ఉన్నాయి.

1970లో ఎలక్ట్రానిక్స్ శాఖ, 1971లో ఎలక్ట్రానిక్స్ కమిషన్ ఏర్పడ్డాయి. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ సంస్థల వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసింది. అప్పటికి దేశంలో కంప్యూటరు అంటే ఐబీఎం. ఇతర దేశాలలో వాడి వదిలిన 1401 యంత్రాలను బాగుచేసి ఇక్కడ అద్దెకు ఇవ్వడం ఆ సంస్థ వ్యాపారంలో పెద్ద భాగం. ఈ పద్ధతిపై పార్లమెంటు సంఘాలు విమర్శలు చేశాయి. వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్ళింది. ఈ ఘట్టాన్ని జనతా ప్రభుత్వ పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పేరుతోనే ఎక్కువగా గుర్తుచేసుకుంటారు. అయితే దానికి పునాది చట్టం అంతకు ముందు ప్రభుత్వమే వేసిందని మరచిపోరాదు.

ఐబీఎం వదిలిన యంత్రాల నిర్వహణ 1975లో స్థాపించిన ప్రభుత్వ సంస్థ సీఎంసీకి దక్కింది. మరమ్మతుల కోసం పుట్టిన ఈ సంస్థ క్రమంగా సాఫ్ట్‌వేరు రచనలోకి దిగింది. దీని పరిశోధన విభాగం జంటనగరాలలో ఉండేది. 1985–86లో న్యూఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషను వ్యవస్థ సీఎంసీ సృష్టే. వేలాది రైళ్ళు, రకరకాల తరగతులు, కోటాలు, రాయితీలు, వెయిటింగు లిస్టు అనే విచిత్రమైన భారతీయ వ్యవహారం: వీటికి సరిపోయే ప్రోగ్రామును బయటినుంచి తెచ్చుకునే వీలు లేదు. కొన్నది ప్రభుత్వం, రాసింది ప్రభుత్వ సంస్థ, వాడింది సామాన్య ప్రయాణికుడు. వినియోగం రీత్యా దేశీయ సాఫ్ట్‌వేరుకు మన చరిత్రలో ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2001లో కేంద్రం ఈ సంస్థలో 51 శాతం వాటాను టాటా సన్స్‌కు అమ్మివేసింది.

రెట్టింపు ఎగుమతి నియమం

ఇదే కాలంలో సమాంతరంగా మరొక విధానం నడిచింది. 1972లో వచ్చిన సాఫ్ట్‌వేరు ఎగుమతి పథకం ప్రకారం విదేశీ కంప్యూటరును దిగుమతి చేసుకోదలచినవారు ఆ దిగుమతికి ఖర్చయిన మారకద్రవ్యానికి రెట్టింపు విలువైన సాఫ్ట్‌వేరును అయిదేళ్ళలో ఎగుమతి చేయాలి. దేశంలో డాలర్లకు కటకటగా ఉన్న రోజులవి. ప్రభుత్వం దృష్టిలో కంప్యూటరు ఖర్చు, దానిపై రాసే ప్రోగ్రాము ఆ ఖర్చును రాబట్టే సాధనం.

ఈ నియమంలో దాగిన తర్కాన్ని కాస్త నిదానంగా చూడాలి. మంచి యంత్రం కావాలంటే ఎగుమతి హామీ ఇవ్వాలి. హామీ ఇచ్చిన సంస్థ తన ప్రోగ్రామరు గంటలన్నీ విదేశీ ఖాతాదారు పనికే కేటాయించుకోవాలి. ఇక్కడి సహకార బ్యాంకుకో, మార్కెట్ యార్డుకో, అచ్చుయంత్రానికో పనిచేసిన ప్రతి గంటా ఆ హామీ నుంచి తరుగు. దేశీయ వినియోగం కోసం పనిచేయరాదని ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు. అలా చేస్తే నష్టం వచ్చేలా లెక్కను అమర్చింది. 1968లో మొదలైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 1974 నాటికి అమెరికాకు చెందిన బరోస్ సంస్థ కోసం పనిచేస్తూ ఎగుమతి బాట పట్టింది. తరువాత వచ్చినవారందరికీ అదే నమూనా అయింది.

1984 నాటి విధానం దిగుమతి సుంకాలను తగ్గించి, అనుమతులను సులభం చేసింది. దాని రూపకల్పనలో ఎన్. శేషగిరి పాత్ర ప్రముఖం. సాఫ్ట్‌వేరును ప్రత్యేక పరిశ్రమగా గుర్తించిన తొలి పత్రాలలో అదొకటి. 1986 డిసెంబరులో ప్రకటించిన సాఫ్ట్‌వేరు విధానం పేరులోనే ఎగుమతి, అభివృద్ధి, శిక్షణ అనే మూడు మాటలు ఆ వరుసలో ఉన్నాయి. విదేశీ సాఫ్ట్‌వేరును ధారాళంగా రానిస్తే మనవారు నేర్చుకుని అంతే ధారాళంగా బయటికి పంపగలరన్నది దాని ఆశ. ఆ ఆశ చాలావరకు నెరవేరింది. కాని 1980ల చివరికి ఎగుమతి అన్న మాటకు ప్రధానార్థం ప్రోగ్రామరునే విమానమెక్కించి పంపడం. సరుకు మనుషుల రూపంలో వెళ్ళింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి అమెరికాకు సాగిన వలసకు ఇది ఒక ద్వారం. తెలుగు డయాస్పొరా కథను అధ్యయనం చేసేవారు ఈ 1986 పత్రాన్ని ఒకసారి చదవడం మంచిది.

1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ మొదలైంది. దాని ఎదుగుదల, 2009 జనవరిలో బయటపడిన లెక్కల మోసం అందరికీ తెలిసినవే. ఇక్కడ వాటి చర్చ అనవసరం.

1991

ఒక ఏడాదిలో జరిగిన పనులను పక్కపక్కన పెట్టి చూస్తే విధానం ఎటు మొగ్గిందో తెలుస్తుంది.

1991 జూన్‌లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా సొసైటీగా నమోదైంది. ఉపగ్రహ అనుసంధానం, ఒకేచోట అనుమతులు, సుంకం లేని దిగుమతి అది కల్పించిన సౌకర్యాలు. అదే ఏడాది ఆదాయపు పన్ను చట్టంలో 80హెచ్‌హెచ్‌ఈ సెక్షను చేరి, సాఫ్ట్‌వేరు ఎగుమతుల లాభానికి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది భారతీయ ప్రమాణాల సంస్థ భారతీయ లిపుల సంకేత పట్టిక ఇస్కీని ఐఎస్ 13194 అన్న సంఖ్యతో జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. భారతీయ భాషల సాంకేతికత కోసం ఎలక్ట్రానిక్స్ శాఖ చేపట్టిన టీడీఐఎల్ కార్యక్రమం మొదలైనదీ ఆ సంవత్సరమే. అక్టోబరులో అమెరికాలో యూనికోడ్ తొలి సంచిక వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాలున్నాయి. ఆ అమరిక 1988 నాటి ఇస్కీ పట్టికను ఆధారం చేసుకున్నది.

ఆ జూన్‌లోనే పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. 1968లో ఉన్నత విద్యను తెలుగులోకి తేవడానికి తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులు ఆయనే. విశ్వనాథ ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించినదీ ఆయనే. కంప్యూటరును స్వయంగా నేర్చుకుని వాడిన రాజకీయ నాయకుడాయన. భాషా విధానమూ సాఫ్ట్‌వేరు విధానమూ ఒకే వ్యక్తి అనుభవంలో కలిసిన సందర్భం అంతకు ముందు లేదు, తరువాతా లేదు. అయినా ప్రభుత్వ ఫైళ్ళలో అవి రెండూ కలవలేదు. ఒకటి వాణిజ్యం, రెండవది సంస్కృతి అన్న గీత అప్పటికే గట్టిపడింది. పార్కులలో చేరిన సంస్థకు పన్ను మినహాయింపు వచ్చింది. తెలుగు టైపింగు ప్రోగ్రాము తయారుచేసి విజయవాడ, హైదరాబాదు ప్రెస్సులకు అమ్ముకునే చిన్న సంస్థకు ఆ లాభంపై మినహాయింపేమీ లేదు. దాని డబ్బు రూపాయలలో వచ్చేది మరి.

లిపికి పట్టిక, పట్టికకు దిక్కు

తెలుగు లిపి విషయంలో ప్రభుత్వం ఏమీ చేయలేదని నిందించడం సులభం, కాని తప్పు. చేసిన పని గొప్పది. 1980లలో కాన్పూరు ఐఐటీలో మొదలై, 1988లో పుణేలో ఏర్పడిన సీ–డాక్‌కు చేరిన జిస్ట్ పరిశోధన భారతీయ లిపులన్నిటినీ ఒకే చట్రంలో చూసింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణక్రమం ఒకటే గనుక ‘క’కు ఏ లిపిలోనైనా ఒకే సంకేతం చాలునన్నది దాని మూలసూత్రం. లిపి మార్చితే అదే పాఠం తెలుగులో, కన్నడంలో, దేవనాగరిలో కనబడుతుంది. 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఆ సూత్రం మీదనే నిలిచింది. వర్గాక్షరాలను స్థాన, ప్రయత్నాలను బట్టి అమర్చిన ప్రాచీన శిక్షాకారుల పద్ధతి యంత్రంలో ఇంత నేరుగా పనికిరావడం తెలుగు విద్యార్థికి ఆనందం కలిగించే విషయం. పైగా ఈ పట్టికలో నిలిచేది ధ్వని. అక్షరం ఆకారాన్ని ఫాంటు చూసుకుంటుంది. వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం, లెక్కించడం అప్పుడు సాధ్యమవుతాయి.

అయితే ఈ పట్టికను వాడుకునే మార్గమేది? తొలి దశలో జిస్ట్ కార్డును కంప్యూటరులో అమర్చుకోవాలి. దానితో డాస్‌పై నడిచే సాధారణ ప్రోగ్రాములలో తెలుగు కనబడేది. కార్డు కొనగలిగింది ఎక్కువగా కార్యాలయాలు, పరిశోధన సంస్థలు. వీధిలోని ప్రెస్సుకు కావలసింది వేరు. దానికి పేజీ అందంగా రావాలి, అక్షరాలలో రకాలు కావాలి, పేజ్‌మేకర్‌లో పనిచేయాలి. వెతకడం, పేర్చడం అతనికి అక్కరలేదు. కాగితం మీద అచ్చుపడితే చాలు.

ఆ అవసరాన్ని చిన్న సంస్థలు తీర్చాయి. హైదరాబాదు నుంచి అను, పుణే నుంచి మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, మరికొన్ని ఫాంటు పొదులు 1990లలో తెలుగు ప్రెస్సులను ఆక్రమించాయి. వీటిని తక్కువ చేసి చూడరాదు. తెలుగు ప్రచురణ సీసం నుంచి బయటపడి ఇంత వేగంగా పెరగడానికి కారణం వీరే. వినియోగం రీత్యా అసలైన దేశీయ సాఫ్ట్‌వేరు సంస్థలు వీరే. ఏ పార్కులోనూ చోటులేకుండా, ఏ మినహాయింపూ లేకుండా ఎదిగినవారు కూడా.

వీరి సాంకేతిక పద్ధతి మాత్రం ఇస్కీకి భిన్నమైనది. ఒక ఫాంటులో 256 గళ్ళే ఉన్న రోజులవి. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ అందులో పట్టవు. అందువల్ల అక్షరాన్ని తునకలు చేశారు: తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తు వేరొక గడిలో. ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్ళలోనే వీటిని కూర్చోబెట్టారు. తెరమీద తెలుగే కనిపిస్తుంది. కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్నది మాత్రం ఆంగ్ల అక్షరాల గజిబిజి. ఏ తునక ఏ గడిలో ఉండాలన్నది సంస్థకొక తీరు. ఒక సంస్థ ఫాంటుతో కూర్చిన పాఠాన్ని మరొక సంస్థ ఫాంటుతో తెరిస్తే చదవడానికి వీలుండదు. కీబోర్డులు కూడా అంతే. డీటీపీ ఆపరేటర్లు నేర్చుకున్నది ఆపిల్, మాడ్యులర్ వంటి అమరికలను, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్‌ను కాదు.

సంస్థలు ఇలా ఎందుకు చేశాయి? ఒక కారణం సాంకేతికం; పేజ్‌మేకర్ వంటి విదేశీ ప్రోగ్రాములలో తెలుగును ఇమిడ్చే దారి అప్పట్లో మరొకటి లేదు. రెండవది వ్యాపార రక్షణ. కాపీరైటు చట్టం ప్రోగ్రామును సాహిత్య కృతిగా గుర్తించినా, నకలు ప్రోగ్రాము వాడేవారిని శిక్షించే సెక్షను 1994 సవరణతో గాని రాలేదు. వచ్చినా ఏ ఊరి డీటీపీ సెంటరు మీద ఎవరు కేసు పెడతారు? అందుకే కంప్యూటరుకు వెనుక తగిలించే తాళం వంటి పరికరం వచ్చింది. సంకేతాల అమరికను గోప్యంగా ఉంచడం కూడా ఒక తాళమే అయింది. ఒక సంస్థ ఫాంటులో పదేళ్ళ ఫైళ్ళు పేరుకున్న ప్రచురణకర్త ఇక వేరొకరి దగ్గరికి పోలేడు.

ఈ దశలో ప్రభుత్వం వద్ద ప్రమాణం ఉంది, దానిని పాటింపజేసే పట్టు లేదు. ఐఎస్ 13194ను పాటించడం ప్రైవేటు సంస్థలకు ఐచ్ఛికం. సీ–డాక్ ప్రమాణకర్త మాత్రమే కాదు, తన సొంత ప్యాకేజీలు అమ్మే వ్యాపారి కూడా. దాని ఫాంట్లకు ఇస్‌ఫాక్ అనే మరొక తునకల అమరిక ఉండేది. తీర్పరి, పోటీదారు ఒకరే అయినప్పుడు చిన్న సంస్థలు ఆ ప్రమాణాన్ని ఎంత నమ్ముతాయో ఊహించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నుంచి అధికార భాషా చట్టం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన కార్యాలయాల కొనుగోళ్ళలో ఈ ప్రమాణాన్ని గట్టిగా కోరి ఉంటే, ఆ ఒక్క ఖాతాదారు కోసమైనా సంస్థలు దారికి వచ్చేవని నా అభిప్రాయం. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలో కార్డ్, 2001లో ఈ–సేవ వంటి పెద్ద ప్రభుత్వ పథకాలు వచ్చాయి గనుక ఖాతాదారు లేడని చెప్పడానికి లేదు.

ఒక సీడీ అనుభవం

1990 తరువాతి తెలుగు కథా సంకలనాలలో మాండలిక క్రియారూపాలపై నేను పనిచేస్తున్నాను. మూడు సంకలనాల ఫైళ్ళను ఒక ప్రెస్సు యజమాని ఉదారంగా సీడీలో ఇచ్చారు. రూపాలను లెక్కించడం వారం పని అనుకున్నాను. ఫైళ్ళు తెరుచుకున్నాయి గాని తెలుగు లేదు. ఆంగ్ల అక్షరాలు, ప్రశ్నార్థకాలు, కుండలీకరణాలు. మార్పిడి సాధనాలు ప్రయత్నించాను. ఒక సంకలనం చాలావరకు బాగుపడింది. రెండవదానిలో ఒత్తులన్నీ పక్క అక్షరానికి తగులుకున్నాయి. ‘వస్తుండె’ వంటి రూపాలే నా పరిశోధనకు ప్రాణం. అవే ఎక్కువగా చెడిపోయాయి. మూడవదానిని అచ్చు పుస్తకం ఎదురుగా పెట్టుకుని మొదటినుంచీ మళ్ళీ టైపు చేశాను. అదే ప్రెస్సులో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటరుగారు ఇదంతా విని, “మీరు అచ్చు వేయడానికా, చదవడానికా అడిగింది?” అన్నారు. ఆ ప్రశ్న సబబైనదే. ఆ ఫైళ్ళు అచ్చు కోసం పుట్టాయి, చదవడం కోసం పుట్టలేదు.

ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. పుస్తకం ఉంది, పాఠం లేదు. రెండు దశాబ్దాల తెలుగు రచనకు ఇదే స్థితి. దినపత్రికలు తొలిరోజుల్లో అంతర్జాలంలో తమ తమ సొంత ఫాంట్లతోనే వెలువడ్డాయి. ఆ పాత సంచికల పాఠాన్ని వెతకడానికి వీలు లేకుండా పోయింది.

యూనికోడ్ వచ్చిన దారి

చిక్కు విడివడిన తీరు కూడా విధానం గురించి కొంత చెబుతుంది. 2001లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు చోటు కల్పించి, గౌతమి అన్న ఫాంటు ఇచ్చింది. గోదావరి పాయ పేరున్న ఫాంటు అమెరికా నుంచి దిగుమతి అయింది. దాని కింది సంకేత పట్టికకు మూలం మాత్రం మన ఎలక్ట్రానిక్స్ శాఖ 1988లో రూపొందించినది. మనవారి పని విదేశీ సంస్థ చేతిమీదుగా మనకు తిరిగి చేరింది. అమెరికాలోని తెలుగువారు అప్పటికే పనిచేస్తున్నారు. 1990ల తొలినాళ్ళలో రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన లిప్యంతరీకరణ పద్ధతి, ఆ తరువాత పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు అక్కడి నుంచే వచ్చాయి. ఎగుమతి అయిన మనుషులు తీరిక వేళల్లో చేసిన పని ఇది. లేఖిని, పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పద్మ వంటివి ఔత్సాహికుల చేతుల్లో తయారయ్యాయి. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది.

ప్రభుత్వం ఈ దశలో మళ్ళీ ముందుకు వచ్చింది. 2005లో తమిళంతో మొదలుపెట్టి, తరువాత హిందీ, తెలుగు భాషలకు ఉచిత సాఫ్ట్‌వేరు సీడీలను కేంద్రం విడుదల చేసింది. 2011–12లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర తోడ్పాటుతో గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, తిమ్మన, మండలి వంటి పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లు వెలువరించింది. అచ్చుకు పనికివచ్చే అక్షర వైవిధ్యం యూనికోడ్‌కు అప్పటికి గాని రాలేదు. ఐఎస్ 13194 వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు.

మరోలా జరిగి ఉండేదా?

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. తెలుగు సాఫ్ట్‌వేరుకు డబ్బిచ్చి కొనే మార్కెట్టే లేనప్పుడు విధానం ఏం చేయగలదు? కార్యాలయం ఆంగ్లంలో నడుస్తుంది, బ్యాంకు ఆంగ్లంలో నడుస్తుంది, ప్రోగ్రామరు ఆంగ్లంలో చదువుకున్నాడు. సంస్థలు ఎగుమతులకు పోయాయంటే వాటి దోషమేమిటి? ఈ వాదంలో బలముంది. అయితే మార్కెట్టును కూడా విధానమే సృష్టించిన సందర్భాలు మన చరిత్రలోనే ఉన్నాయి. రైల్వే రిజర్వేషను ఒకటి. 1984 నాటి రంగరాజన్ సంఘం నివేదిక తరువాత బ్యాంకులలో పుట్టిన గిరాకీ మరొకటి.

మూడవది ఇంకా దగ్గరి ఉదాహరణ. 1986లో బెంగుళూరులో మొదలైన ట్యాలీ సంస్థ కిరాణా కొట్టు లెక్కలకు పనికివచ్చే ప్రోగ్రాము తయారుచేసింది. 2005 ఏప్రిల్‌లో విలువ ఆధారిత పన్ను, 2017 జులైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ప్రతి వ్యాపారికీ కంప్యూటరు లెక్క తప్పనిసరి అవసరమైంది. 2006లో వచ్చిన ట్యాలీ 9 తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లెక్కలు రాసుకునే వీలు కల్పించింది. ఎగుమతి రాయితీతో నిమిత్తం లేకుండా, పన్ను చట్టం పుట్టించిన గిరాకీతో పెరిగిన సంస్థ ఇది. ప్రభుత్వం గిరాకీని సృష్టించిన చోట వినియోగం రీత్యా దేశీయమైన సాఫ్ట్‌వేరు నిలిచింది. పన్ను రిటర్నుకు సృష్టించిన గిరాకీని తెలుగు దస్త్రానికి సృష్టించలేదు.

పరిశోధన రంగంలో మరొక పాయ ఉంది. పాణినీయ వ్యాకరణ దృష్టితో కాన్పూరులో మొదలై హైదరాబాదుకు చేరిన అనుసారక యంత్రానువాదం, 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలో భాషాసాంకేతిక పరిశోధన, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం కృషి ఈ నగరంలోనే సాగాయి. ఆ ఏడాది నవంబరులోనే హైటెక్ సిటీ ప్రారంభమైంది. ట్రిపుల్ ఐటీకి, హైటెక్ సిటీకి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆ సంస్థలలో ఈ పరిశోధనను సరుకుగా మార్చడానికి ముందుకు వచ్చినవి అరుదు. కారణం మళ్ళీ లెక్కలలోనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2022–23కు ప్రకటించిన ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు, ఉద్యోగాలు 9 లక్షలకు పైగా. ఇవి గర్వించదగిన అంకెలే. ఏటా వెలువడే నివేదికలలో వృద్ధిని చూపడానికి ముందువరుసలో నిలిచేవి ఈ రెండే: ఎగుమతి, ఉద్యోగం. 1972 పథకం నేర్పిన కొలతకర్ర ఇంకా మారలేదు.

తెలుగు లిపికి యూనికోడ్‌లో చేరవలసినవి కూడా ఆలస్యంగానే చేరాయి. దంత్య చ, జలు 2008లో, శాసనాలలో కనిపించే ఒక పాత రేఫభేదం 2015లో, నకారపొల్లు 2021లో స్థానం పొందాయి. ప్రాచీన ప్రతులను యథాతథంగా కంప్యూటరులోకి ఎక్కించదలచినవారికి ఇప్పుడు సాధనాలు చాలావరకు సమకూరాయి. సమకూరనిది 1990–2010 నాటి వాఙ్మయమే. ఈనాటికీ పలు పత్రికలు, ప్రచురణ సంస్థలు రచనలను పాత ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్ళుగానే కోరుతున్నాయి. పేజ్‌మేకర్‌కు కొత్త కూర్పు రావడం ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఫైళ్ళను తెరవగల పాత కంప్యూటర్లు ప్రెస్సులలో మూలన పడి ఉన్నాయి. హార్డ్‌డిస్కు పాడైతే యజమానులు వాటిని తుక్కుకు వేస్తున్నారు. తాళపత్రాల కోసం ఊరూరా తిరిగి పట్టికలు తయారుచేసినట్లే, ఏ ప్రెస్సులో ఏ ఫాంటు, ఏ పుస్తకాల ఫైళ్ళు ఉన్నాయో ఒక జాబితా రాసుకోవడం తెలుగు శాఖలు ఇప్పుడే చేయగల పని. దానికి ప్రత్యేక నిధులేమీ అక్కరలేదు, ఎం.ఏ. విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పట్టణం అప్పగిస్తే ఒక సెమిస్టరులో పూర్తవుతుంది.